తెఱచాప యోడలవారి యాహార చరిత్రము

మహాసభవారి వార్షిక సంచికకు చరిత్ర విషయకమైన వ్యాసమొకటి వ్రాయవలసినదని సంపాదక మిత్రులు మమ్ము కోరిరి. ఇట్టి సంచికలలో చరిత్రమనగా రాజులు, శాసనములు, బిరుదములు, వంశావళులు. మేమును ఇదివఱకు అట్లే వ్రాసితిమి, సోదరులును ఆదరించిరి. ఈసారి మాత్రము ఓడలోని పొయ్యిని గూర్చి వ్రాయ నెంచితిమి. ఆ పొయ్యి విషయమై మేమొక యసత్యమును ఈ సంచిక పుటలయందే అచ్చు వేయించి యున్నారము. దానిని దిద్దుకొనుట మా విధి. ఆ దిద్దుబాటు మన కులమునకంతటికిని సంబంధించినదగుటచే, దానిని ఏకాంతమున గాక, సభామధ్యమున చేయుట యుక్తమని తోచినది.

పదునొకండేండ్ల క్రిందట మా పితామహుని గూర్చి వ్రాయుచు, ఆయన తెఱచాప యోడపై సారంగుగా నుండెనని చెప్పితిమి. సారంగనగా నావికులకు పెద్ద. ఆయన సారంగు కాడు, సారంగు క్రింది టండేలును కాడు. ఆయన భండారి, అనగా ఓడలో వంట చేయువాడు. ఈ సంగతి మేము ఎఱుగక వ్రాసినది కాదు. ఎనిమిదేండ్ల ప్రాయమున ఆయన ఒడిలో కూర్చుండి ఓడవంటల కథలు విన్నవారము మేము. ఎఱిగియుండియే మార్చితిమి.

మార్చుటకు కారణము చెప్పుదుము. సంస్కృతము చదువుటకై పండ్రెండవ యేట ఇల్లు విడిచి ఒక వసతిగృహమున చేరితిమి. మా నాయనమ్మ ఎండు నెత్తళ్లను వేయించి, ఎండుమిరపకాయలతో దంచి, ఒక రేకుడబ్బాలో పోసి పంపెను. మూత తీసినంతనే తోటి బాలురు ముక్కులు మూసికొని వెలుపలికి పోయిరి. అచ్చటి పెద్దలలో ఒకరు, ఈ వాసన గలవానికి శబ్దరూపములు ఎట్లు పట్టువడునని నవ్విరి. ఆ రాత్రి ఆ డబ్బాను కాలువ గట్టునకు తీసికొనిపోయి నీళ్లలో పాఱబోసితిమి. శబ్దరూపములు పట్టువడినవి, వానితోబాటు సిగ్గును పట్టువడినది. ఉపాధ్యాయ వృత్తి ముగించి యింట కూర్చున్న తరువాతను ఆ సిగ్గు మమ్ము విడువక, భండారి యనవలసిన చోట సారంగని వ్రాయించినది.

ఆ పిమ్మట మేము సముద్రయాన చరిత్రమును కొంత శ్రద్ధతో చదివితిమి. చదివినకొలది మాకు తేటపడినది ఒక్కటే. తెఱచాప యోడలలో మనుష్యుల ప్రాణము నిలిపినది అధికారుల బిరుదము కాదు, వంటవాని నేర్పు. తాను మోసికొని వచ్చిన మూటనే నమ్ముకొన్నవారు నడిసముద్రమున నశించిరి. చేరిన ప్రతి రేవునను అచ్చటి ఆకును, అచ్చటి పండును, అచ్చటి చేపను ఎఱిగి తిన్నవారు తిరిగి ఇల్లు చేరిరి. ఈ మాటకు సాక్ష్యములను ఈ క్రింద చూపుదుము.

శాసనములలో లేని సంగతి

ఓడలను గూర్చిన మన ప్రాచీన సాక్ష్యములు తక్కువ కావు. శాతవాహనుల నాణెములపై రెండు కొయ్యల యోడ చెక్కబడి యున్నది. కౌటిల్యుని అర్థశాస్త్రమున నావధ్యక్షుడను అధికారి ధర్మములు చెప్పబడినవి. రాజు నావను వాడుకొనిన జాలరులు తాము పట్టిన చేపలలో ఆఱవ పాలును నావకూలిగా నీయవలెను. గాలిదెబ్బ తిని వచ్చిన యోడను నావధ్యక్షుడు తండ్రివలె ఆదరింపవలెను. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి క్రీ. శ. 1244-45 నాటి మోటుపల్లి యభయశాసనమున ఇంచుమించుగా ఈ ధర్మమునే నిలిపెను. పూర్వపు రాజులు తుపానులో తీరమునకు కొట్టుకొని వచ్చిన యోడల సరకును అపహరించుచుండగా, తాను న్యాయమైన సుంకము తప్ప వేఱేమియు కోరనని ఆయన నావికులకు అభయమిచ్చెను.

ఆ శాసనమున శ్రీగంధము, కర్పూరము, ముత్యములు, దంతము, పగడములు, పట్టు, మిరియములు మున్నగువాని సుంకములు వివరముగా నున్నవి. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి ద్వీపాంతరముల నుండి తెప్పించిన సరకులును ఆ గ్రంథపు అవతారికలో వర్ణింపబడినవి. సరకు ఎంతయో తెలిసినది. సరకు మోసిన యోడలో నావికుడు సాయంకాలమున ఏమి తినెనో ఒక్క యక్షరమైనను లేదు. సుంకము లేని దానికి శాసనములో చోటులేదు.

వ్రాతలో లేనిది చిత్రములో కొంత గలదు. అజంతా రెండవ గుహలో మూడు కొయ్యలతో, తెఱచాపలతో ఒక యోడ చిత్రింపబడినది. ఆ యోడలో కడవలు వరుసగా పేర్చబడి యున్నవి. కడవలలో నేమున్నదో చిత్రకారుడు చెప్పలేదు. కాని ఓడపై దినములు గడపిన యింటివారికి ఆ వరుసను చూడగానే మంచినీరు జ్ఞప్తికి వచ్చును. ఓడలో వెండి తఱిగిన సహింపవచ్చును, మంచినీరు తఱిగిన సహింపరాదు.

ఇద్దఱు యాత్రికుల సాక్ష్యము

క్రీ. శ. 399లో చీనాదేశము విడిచిన ఫాహియాను అను భిక్షువు మన దేశమున తిరిగి, తామ్రలిప్తిలో రెండేండ్లుండి, హేమంతపు గాలితో వర్తకుల యోడనెక్కి పదునాలుగు దినములలో సింహళము చేరెను. ఆ తరువాత 5వ శతాబ్దపు రెండవ దశకమున సముద్రమార్గముననే స్వదేశమునకు మరలెను. ఆయన తుదిప్రయాణము ఓడ యాహార చరిత్రమున మఱువరానిది. ఓడవారు ఏబది దినములకు సరిపడు భోజన సామగ్రి వేసికొని బయలుదేరిరి. తుపాను పట్టి దారి తప్పినది. డెబ్బది దినములు దాటినను తీరము కానరాలేదు. అన్నమును నీరును అడుగంటెను. వంటకు సముద్రపు నీరే వాడిరి. త్రాగుటకు మంచినీటిని చిన్న కొలతతో మనిషి మనిషికి పంచుకొనిరి.

తుదకు ఒక తీరము కనబడెను. అది ఏ దేశమో వారికి తెలియదు. ఒడ్డున పెరుగుచున్న కూరాకును చూచి, ఇది మన దేశమే యని ఆ భిక్షువు గుర్తించెను. మహారాజుల పేరులుగాని కోటబురుజులుగాని ఆయనకు ఇల్లు చేరితివని చెప్పలేదు. చిన్ననాట తిన్న కూరాకు చెప్పినది. ఈ సంగతిని పాఠకులు మనస్సున నుంచుకొందురుగాక. తుదిని దీనితో పనిగలదు.

రెండవ సాక్షి మొరాకో దేశీయుడైన ఇబ్ను బతూతా. 14వ శతాబ్దపు నడుమ ఆయన కళ్లికోటలో చీనా యోడలను చూచెను. వానిలో నావికులు పిల్లలతో కాపురముండి, కొయ్యతొట్లలో కూరాకులను, అల్లమును పెంచుకొనుచుండిరని వ్రాసెను. ఓడ కదలుచుండగా పెరడు వెంటవచ్చుచున్నదన్నమాట! ఆ నావికులు వేరులు లేనివారని ఎవరనగలరు?

ఆయనయే 1343లో మాల్దీవులు చేరి కొంతకాలము కాపురముండెను. అచ్చటివారు చేపను నాలుగు ముక్కలుగా కోసి, కొంచెము ఉడికించి, తాటియాకు బుట్టలలో నుంచి పొగ చూపి ఎండబెట్టుదురనియు, దానిని భారత, చీనా, యెమను దేశములకు ఎగుమతి చేయుదురనియు ఆయన చెప్పెను. నేటికిని ఆ ద్వీపములలో ఈ పద్ధతి యున్నది. ఎండి కొయ్యవలె బిఱుసైన యా చేపను వారు హికిమస్ అందురు. చేప నుడికించిన నీటిని ఇంకునట్లు కాచి తీసిన చిక్కని పాకమును రిహాకురు అందురు. కొబ్బరికాయయు ఈ చేపయు ఆ ద్వీపవాసుల బ్రతుకునకు ఆధారములు. ఓడలో అవి చెడవు, బరువు తక్కువ, రుచి యెక్కువ. ఎండుచేప యనునది ఒక మూలనున్న దరిద్రుని తిండి గాక, సముద్రముల దాటి పోయిన సరకు అని దీనివలన తెలియుచున్నది.

నారింజపండు విలువ

ఇక విపరీతముగా నడచినవారి సంగతి. వాస్కో డ గామా 1498 ఏప్రిలులో ఆఫ్రికా తీరమందలి మాలిందిలో, ఈ సముద్రపు గాలి నెఱిగిన మార్గదర్శి నొకని తోడు తీసికొని, నెల తిరుగక మునుపే కళ్లికోట చేరెను. తిరుగు ప్రయాణమున అట్టి తోడు లేదు, గాలియు అనుకూలింపలేదు. అక్టోబరు 5న బయలుదేరినవారు జనవరి 2 దాక ఆఫ్రికా తీరమును చూడలేదు. ఆ మూడు నెలలలో వారి చిగుళ్లు వాచి పండ్లను కప్పివేసినవి, కాళ్లు పొంగినవి, ముప్పదిమంది మరణించిరి. ఓడకు ఏడెనమండుగురు మాత్రమే పని చేయగలవారుగా మిగిలిరి. మాలింది చేరినంతనే వారు తెప్పించుకొన్నవి నారింజపండ్లు. కొందఱికి అప్పటికే కాలము మించిపోయినది.

ఈ వ్యాధికి ఆంగ్లేయులు స్కర్వీ యందురు. 1747లో జేమ్సు లిండు అను ఓడ వైద్యుడు ఇట్టి రోగులను పండ్రెండుగురను ఎన్నుకొని, ఇద్దఱిద్దఱికి ఒక్కొక్క విధమగు మందు నిచ్చి చూచెను. నారింజలు, నిమ్మపండ్లు తిన్న యిద్దఱు మాత్రమే త్వరలో లేచి తిరిగిరి. 1753లో ఆయన గ్రంథము వెలువడినది. అయినను ఆంగ్ల నౌకాదళము నావికులందఱికి నిమ్మరసము పోయుటకు 1795 దాక పట్టినది. ఆ పండ్లలోని సారమేదో 1930 ప్రాంతమున గాని శాస్త్రజ్ఞులకు చిక్కలేదు. నేడు దానిని సి విటమిను అనుచున్నారు. ఉప్పులో నూరబెట్టిన మాంసము, గట్టి రొట్టె వీనినే నమ్ముకొన్న యోడలలో ఈ సారము లేకపోయెను.

మన తీరమున

మన తీరపు తెఱచాప యోడలలో కోరంగి ప్రసిద్ధమైనది. గోదావరి సముద్రమున కలియుచోట కోరంగి, తాళ్లరేవు గ్రామములలో ఓడలు కట్టుచుండిరి. 1789లో ఒకమాఱు, 1839 నవంబరు 25న మఱియొకమాఱు ఉప్పెన వచ్చి కోరంగిని ముంచినది. గోదావరి మేటలు వేయుటచే రేవు పూడి, వర్తకము కాకినాడకు తరలినది. అయినను ఆ పేరు సముద్రము దాటి నిలిచినది. బర్మాలో తెలుగువారినందఱిని కోరంగీలని పిలుచుచుండిరి.

ఈ తీరమున మత్స్యసంపద ఋతువును బట్టి మాఱును. వర్షాకాలమున గోదావరికి ఎఱ్ఱనీరు రాగానే సముద్రము నుండి ఏటికి ఎదురెక్కివచ్చు పులస నెఱుగని తెలుగువాడు లేడు. సముద్రమున వంజరము, చందువ, కవళ్లు, నెత్తళ్లు, సావిడాయిలు. మొగలలో పండుగప్ప, రొయ్య. మడ అడవుల బురదలో మండపీత. బాలింతకు పాలు పడుటకు సొరపుట్టు. ఏ నెలలో ఏ చేప క్రొవ్వి యుండును, ఏది పులుసునకు, ఏది వేపుడునకు, ఏది ఎండుటకు తగును అనునది మన యిండ్లలోని ముసలమ్మలు పొత్తమును చూడకయే చెప్పగలరు. మేము ముప్పదేండ్లు అమరకోశము పాఠము చెప్పితిమి. అందలి వారివర్గమున మత్స్య నామములు గలవు. మా నాయనమ్మకు తెలిసిన పేరులలో సగమైనను అందు లేవు.

భండారి పొయ్యి

ఇప్పుడు మా పితామహుడు చెప్పిన సంగతులను, మాకు జ్ఞప్తియున్నంత మేరకు, ఆయన చెప్పినట్లే వ్రాయుచున్నారము. 1920 ప్రాంతమున ఆయన కోరంగి ప్రాంతపు తెఱచాప యోడలో రంగూనునకు పోయి వచ్చుచుండెను. అనుకూలమైన గాలియున్న పది పండ్రెండు దినములు, లేనిచో నెల.

పొయ్యి యనగా ఇసుక నింపిన కొయ్యపెట్టె. ఇసుకపై మూడు మట్టిగడ్డలు. గాలి ఏ ప్రక్కనుండి వచ్చునో దానికి చాటుగా ఆ పెట్టెను జరుపవలెను. నిప్పురవ్వ తెఱచాపపై పడెనా, అందఱికిని అదే తుదిపూట. కట్టె మడకట్టె; నిలుకడగా మండును. కుండ దొర్లకుండ నలువైపుల త్రాళ్లతో బిగింపవలెను. గాలి ముదిరిన దినమున పొయ్యిలో నీరు పోసి, అటుకులు, బెల్లము, కొబ్బరి పంచవలెను.

కూరలను వాడుటలో ఆయనకొక క్రమముండెను. మొదటి రెండు దినములు ఆకుకూరలు. తరువాత నాలుగు దినములు వంకాయలు, బెండకాయలు. కంద, గుమ్మడి తుదివఱకు. వాడిపోవు దానిని ముందు తినవలెను, నిలుచు దానిని వెనుకకు నెట్టవలెను. కూరలు తఱిగిన పిమ్మట తడిగుడ్డలో పెసలు కట్టి మొలకెత్తించి పెట్టును. నిమ్మకాయలు ఇసుకలో పాతియుంచును. బియ్యము ఉప్పుడు బియ్యమే. ఉప్పుడు బియ్యమున పొట్టులోని సారము గింజలో కొంత నిలిచి యుండుననియు, తెల్లగా దంపిన పచ్చి బియ్యమునే తినువారికి కాళ్లు పడిపోవు జబ్బు వచ్చుననియు నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మొలకెత్తిన పెసలలో, నిమ్మకాయలలో చిగుళ్లను కాపాడు సారమున్నదనియు చెప్పుచున్నది. ఆయనకు ఈ శాస్త్రము తెలియదు. అట్లు చేయని యోడలో మనుష్యులు నీరసింతురని మాత్రము తెలియును.

ఓడ వెనుక ఒక గాలపుత్రాడు ఎల్లప్పుడు వ్రేలాడుచుండును. వంజరము పడిన దినము పండుగ. దాని తలను చింతపండు పులుసులో, నడుమును ఉప్పు కారములతో కాల్చి, తోకవైపు ముక్కలను ఉప్పు పట్టించి కొయ్యకు కట్టి ఎండవేయును. రాత్రివేళ ఎగిరెడి చేపలు తమంతట తామే ఓడపై పడును. తెల్లవాఱుజామున వానిని ఏరి తెచ్చినవానికి మొదటి ముక్క. చేప పడని దినములలో ఎండు నెత్తళ్ల పులుసు. ఆ పులుసులో ఆయన ఉప్పు వేయడు. గరిటెడు సముద్రపు నీరు పోయును. ఉప్పునకు పన్ను గలదు, సముద్రమునకు లేదు గదా యని ఆయన నవ్వుచుండెను.

రంగూనులో ఓడ లంగరు వేయగానే సారంగు సరకుల లెక్కకు పోవును. భండారి అంగడికి పోవును. అచ్చటివారు చేపలను ఉప్పుతో నూరి పులియబెట్టి ఙపీ యను ముద్ద చేయుదురు. మొదటిసారి ఆయన దాని వాసనకు పాఱిపోయెనట! రెండవసారి ఒక బర్మా ముసలమ్మ ఆకులో కొంచెము పెట్టి యిచ్చెను. మూడవ ప్రయాణము నుండి ఒక కుండ ఇంటికి తెచ్చుచుండెను. ఆ యంగడిలోనే ఒకనాడు ఆయనకు గోంగూర కనబడినది. బర్మీయులు దానిని ఛింబౌం అందురు. రొయ్యలతో కలిపి వండుకొందురు. మన యిండ్లలోను గోంగూర రొయ్యలు వండుదురు. పరదేశపు రేవులో, మాట తెలియనిచోట, ఆ పుల్లని యాకును చేతబట్టుకొని ఆయన కొంతసేపు నిలుచుండిపోయెనట. ఓడవారందఱికి ఆ రాత్రి గోంగూర రొయ్యలు వండిపెట్టగా, సారంగు తానే వచ్చి రెండవమాఱు వడ్డింపుమని ఆకు చాచెనట.

ఫాహియాను తన తీరమున కూరాకును చూచి ఇల్లు చేరితినని తెలిసికొనెను. మా పితామహుడు పరతీరమున కూరాకును చూచి, ఇదియు ఇల్లేయని తెలిసికొనెను. మొదటివాని మాటను చరిత్రకారులు గ్రంథములలో వ్రాసిరి. రెండవవాని మాటను ఆయన మనుమడే దాచిపెట్టెను.

వాసన యెచ్చటిది?

ఎండుచేపకు దుర్వాసనయని లోకులు అందురు. ఇందును కొంత చరిత్ర యున్నది. చేపను కోసి శుభ్రపఱచి, తగినంత ఉప్పు పట్టించి, నీరు కారిన పిమ్మట ఎండలో తిప్పి తిప్పి ఎండబెట్టిన యెడల అది కుళ్లదు. 1805లో చెన్నపురి రాజధానిలో ఈస్టిండియా కంపెనీవారు ఉప్పును తమ గుత్తసొత్తు చేసికొనిరి. సముద్రపు ఒడ్డున పుట్టినవాడు ఆ నీటిని ఎండబెట్టి ఉప్పు చేసికొనుట నేరమైనది. పన్నువలన ఉప్పు ప్రియమగుటచే జాలరులు చేపకు తగినంత పట్టింపలేక, ఉప్పుమట్టితో సరిపెట్టుకొనిరి. చేప చెడెను. మత్స్యశాస్త్రజ్ఞుడగు ఫ్రాన్సిసు డే 1873లో ప్రకటించిన నివేదికలో ఈ పన్ను చేపల యెండుపరిశ్రమకు చేయుచున్న హానిని ఎత్తి చూపెను. ఆ శతాబ్దపు చివఱి పాదమున ప్రభుత్వమువారు తీరమున ఆవరణలు కట్టి, చేపలెండబెట్టువారికి పన్నులేని ఉప్పు నిచ్చుట మొదలిడిరి. 1930లో గాంధీ మహాత్ముడు ఉప్పు సత్యాగ్రహము సాగించెను. 1947లో గాని ఆ పన్ను తొలగలేదు.

కావున మన తాతల యెండుచేప వాసనలో కొంతపాలు పన్నుది. పన్ను పోయినది, సిగ్గు పోలేదు.

శాస్త్రపు మాట

శాస్త్రము చదివినవారము గనుక శాస్త్రపు మాటయు చెప్పవలెను. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పాతిత్యహేతువులలో చేర్చినది. మనుస్మృతి, సముద్రయాన కుశలులైనవారు నిర్ణయించిన వడ్డీయే ఆ వ్యవహారమున ప్రమాణమన్నది. ఒక గ్రంథము వలదన్న పనిలో నేర్పుగలవానిని మఱియొక గ్రంథము సాక్షిగా పిలిచినది. సుశ్రుతుడు మత్స్యములను నదిలోనివి, సముద్రములోనివి అని విభజించి, సముద్రపు చేప గురువు, స్నిగ్ధము, మధురము, వాతహరము అని గుణములు చెప్పెను. తినకయే, చూడకయే ఎవరును గుణములు చెప్పలేరు గదా!

పక్షపాతము లేక రెండవ వైపును చెప్పుదుము. ఎండు మాంసమును నిత్యము సేవింపరాదని చరకుడు చెప్పెను. ఉప్పు మితిమీరిన రక్తపుపోటు పెరుగునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. మా వైద్యుడును మమ్ము ఉప్పు తగ్గింపుమని మందలించెను. కావున మూడు పూటల ఎండుచేపయే తినుడని మేము చెప్పుట లేదు. తినుట తినకపోవుట ఎవరి శరీరమునకు తగినట్లు వారిది. దానిని చూచి ముక్కు మూసికొనుట మాత్రము మన పని కాదనుచున్నాము.

విన్నపము

నిరుడు మన బంధువుల యింట వివాహమునకు పోయితిమి. పెండ్లికూతురి నాయనమ్మ పిల్లకిష్టమని ఎండురొయ్యలు వంకాయ వండింప దలచినది. పట్టణము నుండి వచ్చు పెద్దలేమనుకొందురోయని యింటివారు వలదనిరి. ఆ ముసలమ్మ మమ్ము చూచి, మాష్టరుగారూ, మీరైనను చెప్పుడనెను. చదువుకొన్నవారము, మా మాటకు విలువయుండును. అయినను మేము ఊరకుంటిమి. ఆమె మరల అడుగలేదు. అన్నము ముందు కూర్చున్న మాకు కాలువలో పాఱబోసిన రేకుడబ్బా కనబడినది.

మహాసభవారికి, పోషక మహాశయులకు మా విన్నపములు మూడు. మొదటిది: ప్రతి గ్రామమున ఒక విద్యార్థి ఒక పుస్తకము తీసికొని, తన యింటి ముసలివారి యొద్ద చేపల పేరులు, అవి దొరకు నెలలు, ఎండబెట్టు పద్ధతులు, ఓడవంటలు అడిగి వ్రాసికొనవలెను. నేడు యంత్రపు పడవలు, మంచుపెట్టెలు వచ్చినవి. ఈ విద్య తెలిసిన ముసలమ్మలు ఒక్కొక్కరుగా వెళ్లిపోవుచున్నారు. రెండవది: మన సంచికలలో వంశచరిత్రలు వ్రాయువారు, పూర్వుడు చేసిన పనిని ఉన్నదున్నట్లు వ్రాయవలెను. వల కుట్టినవాడు, తెడ్డు వేసినవాడు, ఎండుచేపల గంప మోసినది, పొయ్యి రాజేసినవాడు అందఱును చరిత్రలో కూర్చుండదగినవారే. మూడవది: ఈ సంవత్సరపు సభాభోజనమున, శాకాహారుల పంక్తికి భంగము లేకుండ, వేఱొక పంక్తిలో ఎండు నెత్తళ్ల పులుసును వడ్డింపవలెను. దానికగు వ్యయమును మేము భరింతుము. ఆ పంక్తిలో మొదటి విస్తరి ముందు మేము కూర్చుందుము.

తుదకు మా దిద్దుబాటు. పదునొకండేండ్ల నాటి సంచికలో మా పితామహుడు సారంగని వ్రాసిన చోట భండారియని చదువుకొనవలసినదిగా పాఠకులను ప్రార్థించుచున్నారము. ఆయన ఎన్నో ఓడలలో ఎందఱికో అన్నము పెట్టెను. ఆయన వండిన యోడలో ఆకలిచేతగాని, చిగుళ్ల జబ్బుచేతగాని ఒక్కడును పోలేదని ఆయన చెప్పుకొనుచుండెను. దానికంటె గొప్ప బిరుదము మా వంశమునకు లేదు.

సర్వే జనాః సుఖినో భవన్తు.